పటిక తగిలిన చోట

"ఆ ఉద్యోగంలో చేరతానంటే చేరు. కానీ ఆదివారాలు ఈ గడప తొక్కద్దు" అని మా అన్నయ్య తన కూతురితో అన్నప్పుడు నేను వాకిట్లో కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డలు ఆరేస్తున్నాను. మా మేనకోడలు బయటికి వచ్చి, నా చేతిలోని గుడ్డ రెండో కొస పట్టుకుని పిండటం మొదలుపెట్టింది. అంత గట్టిగా పిండాల్సిన అవసరం ఆ గుడ్డకు లేదు.

పెడనలో మాది కలంకారీ అద్దకం చేసే ఇల్లు. అన్నయ్య, వదిన, నేను కలిసి పని చేస్తాం. వాళ్ళకున్నది ఒక్కతే కూతురు. బెజవాడలో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. గన్నవరం దాటాక ఉన్న ఒక ప్రయోగశాలలో ఆమెకు పని దొరికింది. కరోనా వైరస్ మన ఒంటి కణాల్లోకి ఎలా దూరుతుందో అక్కడ పరిశీలిస్తారు. వారంలోగా చేరేదీ లేనిదీ చెప్పమన్నారు. అక్కడే హాస్టల్లో ఉండి, ఆదివారాలు ఇంటికి రావచ్చని ఆమె అనుకుంది. అన్నయ్య అడ్డుపడింది ఆ ఆదివారాలకే.

అన్నయ్యది మొండితనం కాదు, భయం. కరోనా రెండో విడతలో అతను బెజవాడ ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. అటు పక్క మంచం మీది మనిషీ ఇటు పక్క మంచం మీది మనిషీ ఇంటికి వెళ్ళలేదు. ఇతను వచ్చాడు. ఆ రోజుల గురించి ఎప్పుడూ మాట్లాడడు. కానీ ఇప్పటికీ బస్సులో ఎవరైనా గట్టిగా దగ్గితే, తరువాతి స్టాపులో దిగిపోయి ఇంకో బస్సు కోసం నిలబడతాడు. అలాంటి మనిషి ముందు ఇరవై రెండేళ్ళ కూతురు "కరోనా మీద పని" అంటే వినిపించుకుంటాడా? ఆమె ఆ మాట ఎత్తితే చాలు, చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవాడు.

"నాన్న నా మాట వినడత్తా. నువ్వు చదివి, నీ మాటగా చెప్పు" అంది ఆ సాయంత్రం.

నాకు లోపల సంతోషమే కలిగింది. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తరువాతదంతా గ్రంథాలయం చదువు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో సైన్సు బీరువాలో నేను చదవని పుస్తకం లేదు. కోళ్ళకు వచ్చే జబ్బుల మీద ఉన్న పుస్తకం కూడా వదల్లేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు ఎవరైనా ఇంటికి వస్తే, మాటల్లో ముందే గ్రంథాలయం సంగతి చెప్పేస్తాను. ఆలస్యంగా తెలిస్తే జాలిపడతారు. ముందే తెలిస్తే కాస్త జాగ్రత్తగా మాట్లాడతారు.

మర్నాడు బెజవాడ వెళ్ళాను. అక్కడి పెద్ద గ్రంథాలయంలో పనిచేసే ఆయన నన్ను ఎరుగును.

"ఈసారి దేని మీదమ్మా?" అన్నాడు.

"వైరస్ మీదండి. కానీ అది వైరస్ కాదంట."

"మరి?"

"అది తెలుసుకుందామనే వచ్చానండి."

ఆయన నవ్వి, ఇంగ్లీషు పుస్తకం ఒకటి, నిఘంటువు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, కంప్యూటర్లో ఇంకో రెండు వ్యాసాలు వెతికి పెట్టాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా నేను లేవలేదు. సూడోవైరస్ అనే మాట మేనకోడలి నోట చాలాసార్లు విన్నాను. మాట తెలిసినంత మాత్రాన వస్తువు తెలిసినట్టు కాదు. ఆ రోజు వస్తువు తెలిసింది.

కరోనా వైరస్ ఒంటి నిండా ముళ్ళుంటాయి. మన కణాల పైన ఒక రకం ప్రోటీన్ ఉంటుంది. ముల్లు వెళ్ళి దాన్ని పట్టుకుంటేనే వైరస్‌కు లోపలికి దారి. ఆ దూరడం ఒక్కటే తెలుసుకోవాలంటే, మనిషిని చంపగల అసలు వైరస్‌తో పని లేదు. అందుకని శాస్త్రవేత్తలు వేరే వైరస్ ఒకదాన్ని తీసుకుంటారు. అది తనలాంటివాటిని పుట్టించుకోవడానికి కావలసిన భాగాలు తీసేస్తారు. మిగిలిన ఆ డొల్లకు కరోనా ముళ్ళు తగిలిస్తారు. లోపల మిణుగురు పురుగు వెలుగుకు కారణమైన జన్యువును పెడతారు. అది కణంలోకి దూరగలిగితే, ఆ కణం మిణుగురు పదార్థాన్ని తయారుచేస్తుంది. పైన ఒక మందు పోస్తే సన్నగా వెలుగుతుంది. మన కంటికి ఆనదు, యంత్రం కొలుస్తుంది. దూరలేకపోతే వెలుగు లేదు. దూరినా అక్కడితో దాని కథ ముగిసినట్టే, పిల్లల్ని పెట్టలేదు.

తిరుగు బస్సులో ఉయ్యూరు ఎప్పుడు దాటిందో తెలియలేదు. మిణుగురు పురుగును పట్టుకొచ్చి ఇంత పనికి వాడుకోవచ్చని ఎవరికి తోచిందో గాని, ఆ మనిషి నా ఎదురుగా ఉంటే ఒక దుప్పటి అద్ది ఇచ్చేదాన్ని.

రాత్రి భోజనాల దగ్గర మొదలుపెట్టాను.

"అన్నయ్యా, అసలు అది కరోనాయే కాదు. పైన ముళ్ళొక్కటే దానివి. ఒళ్ళంతా వేరేదానిది."

"దేనిది?" అన్నాడు కంచంలోంచి తల ఎత్తకుండా.

చదివింది దాచుకోవడం నాకు చేతకాదు.

"ఎయిడ్స్ తెచ్చేది ఉంటది చూడు, ఎక్కువగా దాని డొల్లే వాడతారంట."

అన్నయ్య చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. మజ్జిగ పోస్తున్న వదిన ఆగిపోయింది.

"ఒకటి చాల్లేదని రెండూ కలిపారా?" అంది వదిన.

"అట్టా కాదు వదినా. పెరిగే గుణమంతా తీసేస్తారు."

"తీశారని నువ్వు చూశావా?" అన్నాడు అన్నయ్య.

"పుస్తకంలో ఉంది."

"ఆసుపత్రి గోడ మీద కూడా రాసుంది, ధైర్యమే మందని. అది చదివినోళ్ళు ఎంతమంది బయటికొచ్చారో నేను చూశా."

అతను చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. మేనకోడలు నా వైపు తిరిగింది.

"అత్తా, నువ్వు నా పార్టీయా, నాన్న పార్టీయా?"

"నేను పుస్తకం పార్టీనే. కానీ మీ నాన్న దగ్గర ఏ పేజీ దాటెయ్యాలో అందులో రాయలేదు."

వదిన నవ్వింది గానీ పిల్ల నవ్వలేదు.

ఆ శనివారం పని ఒత్తిడిగా ఉంది. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి దుకాణానికి దుప్పట్లు పంపాలి. మేనకోడలు కూడా అద్దకం బల్ల దగ్గరికి వచ్చింది. ప్రయోగశాల వాళ్ళు తెచ్చుకోమన్న తెల్ల నూలు కోటు ముందే కొనిపెట్టుకుంది. చేరతానో లేదో తెలియకుండానే కొన్నది కదా, దాన్ని ఊరికే పెట్టెలో చూడలేక కాబోలు, ఆ రోజు తొడుక్కుంది.

"కొత్తది, పాడవుద్దే" అన్నాను.

"అక్కడ కూడా దీని పని అదేగా. మరకలు నా మీద పడకుండా తన మీద వేసుకోవడం."

మా పని తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. గుడ్డ మీద ఎరుపు రావాల్సిన చోట మేం నేరుగా ఎరుపు రంగు అద్దము. జిగురు కలిపిన పటిక నీళ్ళలో చెక్క అచ్చు ముంచి అద్దుతాం. ఆరాక అక్కడ ఏదో ఉందని కొత్తవాళ్ళు పోల్చుకోలేరు. తరువాత కాలవలో ఉతికి, ఎరుపునిచ్చే వేరు చెక్కా ఆకూ వేసిన నీళ్ళలో రాగి గంగాళంలో ఉడికిస్తాం. పటిక ఉన్న చోట ఎరుపు నిలబడుతుంది. లేని చోట రంగు అంటీ అంటనట్టుగా ఉండి, ఉతుకుల్లో, ఎండలో పోతుంది.

ఆ రోజు పిల్ల పువ్వుల మధ్యలో పటిక అచ్చు వేసింది. చిన్నప్పుడు గౌనుకు చేతులు తుడుచుకునే అలవాటే ఇంకా ఉంది. సాయంత్రం కోటు విప్పి షెడ్డులో మేకుకు తగిలించి మరిచిపోయింది. తెల్లగానే ఉంది కాబట్టి నాకూ ఏమీ తోచలేదు.

ఆదివారం పొద్దున అన్నయ్య గంగాళం కింద మంట పెట్టడానికి షెడ్డులోకి వెళ్ళాడు. మేకుకు ప్రయోగశాల కోటు వేలాడుతోంది. అది కొత్తదని, ఇంకా ఏ ప్రయోగశాల గాలీ దానికి సోకలేదని అతనికి తెలియదు. మేం చూసేసరికి, గుడ్డలు తిప్పే కర్రతో దాన్ని దూరం నుంచే ఎత్తి, మరుగుతున్న రంగు నీళ్ళలో వేసి అదుముతున్నాడు. మా ఇంట్లో ఏ క్రిమి చావాలన్నా అతనికి ఆ గంగాళమే దిక్కు. కరోనా రోజుల్లో గుడ్డ మాస్కులు కూడా అందులోనే ఉడికించాడు. ఆ ఏడాదంతా మా ఇంటిల్లిపాదీ గులాబీ రంగు మాస్కులతో తిరిగాం. వీధిలోవాళ్ళు మాకేదో కొత్త బేరం వచ్చిందనుకున్నారు.

"నాన్నా, అది నా కోటు" అంది మేనకోడలు, గుమ్మంలో నిలబడి.

"తెలుసు. అందుకే."

"నేనింకా చేరనే లేదు. అది కొట్లోంచి తెచ్చింది."

అన్నయ్య కర్ర కదలడం ఆగిపోయింది. తరువాత కోటును కర్ర మీదికి ఎత్తాడు. నీళ్ళు కారిపోయాక చూస్తే ఒళ్ళంతా లేత గులాబీ రంగు. రెండు పక్కలా మాత్రం ముదురు ఎరుపు వేళ్ళు. జేబు అంచున బొటనవేలు. భుజం దగ్గర దోమ కుట్టినచోట గోక్కున్న గుర్తు కూడా ఉంది.

అన్నయ్య తప్పు చేసిన మొహం పెట్టాల్సిందిపోయి, పనివాడి కళ్ళతో చూడటం మొదలుపెట్టాడు.

"ఎడం చేత్తో ఎక్కువ తుడుచుకున్నావే నువ్వు" అన్నాడు.

పిల్ల దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. కోటు వైపు తలవంచి ఒక్కో వేలూ చూసింది.

"నేను నిన్న ఎక్కడెక్కడ చెయ్యి పెట్టానో నీకెట్టా తెలిసింది నాన్నా?"

"పటిక తగిలిన చోటే ఎరుపు పడుద్ది. ఇదేం అడగటమే?"

"నిన్న దీని మీద నీకు పటిక కనపడిందా?"

"ఆరినాక ఏం కనపడుద్ది? ఉడికితేనేగా తెలిసేది."

"వాళ్ళు నన్ను చెయ్యమనే పని ఇదే."

అన్నయ్య కోటును దండెం మీద వేసి, చెయ్యి తుడుచుకుని పొయ్యి పక్కనున్న పీట మీద కూర్చున్నాడు. చెప్పులు వేసుకోలేదు. నేను నోరు తెరవబోతే వదిన నా చెయ్యి నొక్కింది. ఇది పుస్తకం అవసరం లేని చోటని ఆమెకు నా కన్నా ముందే తెలిసింది.

"కణంలోకి ఏది దూరిందో కంటికి కనపడదు నాన్నా. అందుకని దూరేదానితో ఒక పటిక పంపిస్తాం. అది దూరిన కణం వెలుగుద్ది, దూరలేనిది వెలగదు. ఎక్కడ వెలిగిందో చూసి, ఆ ముల్లు ఎట్టా దూరుతుందో, ఏం అడ్డం పెడితే దూరలేదో తెలుసుకుంటాం. నువ్వు కోటు చూసి నా చేతులు చెప్పావే, అట్టాగే."

"పెరగదంటావు."

"నువ్వు అద్దిన పువ్వు పక్కన ఇంకో పువ్వు దానంతటది పుట్టుద్దా?"

అన్నయ్య పొయ్యిలో కట్టె ఎగదోశాడు.

"పుట్టదు. కానీ పటిక పాకుద్ది" అన్నాడు. "నిలవ నీళ్ళలో ఉతికావనుకో, ఒకచోటి పటిక ఇంకోచోటికి అంటుకుంటది. దుప్పటంతా మరకలే. మనం పారే కాలవలోనే ఎందుకు ఉతుకుతాం? పని మంచిదే అయినా నీళ్ళు నిలవుంటే చెడిపోద్ది. మీకు పారే కాలవుందా అక్కడ?"

ఆ ప్రశ్న నాకు తోచలేదు. పిల్ల మాత్రం తడుముకోలేదు.

"ఉంది. ఏ ప్రమాదమూ లేదని నేను చెప్పను నాన్నా. అసలు వైరస్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఆ తక్కువకి కూడా కాలవుంది. లోపలికి గాలి పీల్చే అరలోనే పని. చేతికి తొడుగులు. అక్కడి కోటు అక్కడే విప్పాలి, ఇంటికి తేకూడదు. వాడింది ఏదైనా మందు నీళ్ళలో వేసి, ఆవిరిలో ఉడికించాకే బయటికి పోద్ది."

"చూడాలి" అన్నాడు అన్నయ్య.

"రా, చూపిస్తా."

"చేరు. నేను చూసిందాకా మాత్రం ఇంటికి రావద్దు."

అంతకన్నా ఆ రోజు అతన్ని కదిలించలేమని అందరికీ అర్థమైంది. పిల్ల సోమవారం గులాబీ కోటు ఇంట్లో వదిలేసి, ఇంకో తెల్ల కోటు కొనుక్కుని చేరింది.

ఆదివారాలు ఇల్లు బావుండలేదు. వదిన వండిన కూర క్యారియర్‌లో పెట్టి నాకిచ్చేది, నేను గన్నవరం దాకా వెళ్ళి హాస్టల్ గేటు దగ్గర ఇచ్చి వచ్చేదాన్ని. "పిల్ల చిక్కిందా?" అని వదిన అడిగేది. అన్నయ్య అడిగేవాడు కాదు. కానీ నేను జవాబు చెప్పేదాకా గదిలోంచి కదిలేవాడు కాదు.

బయటివాళ్ళను ప్రయోగశాల చూడనివ్వడానికి అనుమతి రావడం ఆలస్యమైంది. వచ్చిన రోజున అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో బయల్దేరాడు. బస్సులో ఎవరో దగ్గారు. అతని చెయ్యి ముందు సీటు కమ్మీని పట్టుకుంది. లేస్తాడనుకున్నాను, కానీ గన్నవరం వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

ప్రయోగశాల నడిపే పెద్దావిడ మమ్మల్ని పని గది అద్దం దాకా తీసుకెళ్ళారు. అవతల మా పిల్ల తొడుగుల చేతులు అరలో పెట్టి, చిన్న చిన్న గుంటలున్న పలకలో చుక్కలు వేస్తోంది. గుంటలు వరసగా, దుప్పటి మీద బుటాల్లా ఉన్నాయి. తల ఎత్తి మమ్మల్ని చూసి కూడా చెయ్యి ఆపలేదు. అచ్చు గుడ్డ మీద ఉండగా చెయ్యి ఆపకూడదని దానికి నేర్పింది అన్నయ్యే.

"వాడినవి ఎక్కడ ఉడికిస్తారండీ?" అని అడిగాడు.

పెద్దావిడ పక్క గదిలోని ఆవిరి యంత్రం చూపించారు. అన్నయ్య దాని మూత బిగింపు, గొట్టం, గడియారం అన్నీ చూసి, "ఎంతసేపు?" అని అడిగి, ఆవిడ చెప్పింది విని తలాడించాడు. తన గంగాళం గురించి మాట్లాడేటప్పుడు తప్ప అతని మొహంలో ఆ శ్రద్ధ నేను చూసి ఎరగను.

వరండాలోకి వచ్చాక ఆవిడే చెప్పారు. "ఇప్పుడు మీ అమ్మాయి చేస్తున్నది ఇంకో పరీక్ష అండీ. కరోనా వచ్చి తగ్గినవాళ్ళ రక్తంలో దాన్ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. ఆ రక్తం నుంచి తీసిన ద్రవాన్ని ఈ సూడోవైరస్‌తో కలిపి కణాల మీద వేస్తాం. అడ్డుకునే బలం ఉంటే అది లోపలికి పోలేదు, వెలుగు తగ్గిపోతుంది. కొత్త రకాలు వచ్చినప్పుడు పాత బలం ఎంతవరకు పనికొస్తుందో దీంతో తెలుస్తుంది."

ఆ జబ్బు తన ఒంట్లో ఏదో చెడగొట్టి పోయిందని తప్ప, ఏదైనా మిగిల్చి పోయిందని అన్నయ్య ఎన్నడూ అనుకోలేదు.

"నాలాంటోళ్ళది పనికొస్తదా అండీ? నాకు బాగా ముదిరింది."

"మీలాంటివాళ్ళదే కావాలండీ. ఇష్టమైతేనే."

ఒప్పుకోలు కాగితం నేనే పైకి చదివాను. పేరు బయటికి రాదని, సీసా మీద నెంబరు మాత్రమే ఉంటుందని అందులో ఉంది. ఈసారి కూడా ఏ పేజీ దాటెయ్యలేదు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక సూది అంటే మొహం తిప్పుకునే మనిషి, ఆ రోజు సీసాలోకి రక్తం దిగడం చివరిదాకా చూశాడు.

మేనకోడలు గేటు దాకా వచ్చింది. తండ్రి మోచేతి దగ్గర దూది చూసి ఏదో అడగబోయింది.

"ఆదివారం మీ అమ్మ రొయ్యలు వండుతానంది. పొద్దున్నే బయల్దేరు, చల్లారితే బావుండవు" అన్నాడు అన్నయ్య.

వదిన అలాంటిదేమీ అనలేదు. బస్సు ఎక్కగానే అతను ఆమెకు ఫోన్ చేసి రొయ్యల సంగతి చెప్పాడు.

ఆ ఆదివారం పిల్ల వచ్చింది, ఆ తరువాతి ఆదివారాలూ వచ్చింది. కొన్ని వారాల తరువాత ఒకరోజు భోజనాల దగ్గర, ఆ విడత తీసుకున్న రక్తం సీసాల్లో చాలావాటితో వెలుగు బాగా తగ్గిందని, కొన్నిటితో దాదాపు రానే లేదని చెప్పింది.

"రానివాటిలో నాది ఉంటది" అన్నాడు అన్నయ్య.

"ఎవరిది ఏదో మాకు తెలియదు నాన్నా. నెంబర్లే."

"నాకు తెలుసుగా."

"రక్తం కూడా నీలాగే ఎవర్నీ లోపలికి రానివ్వలేదేమోలే" అంది వదిన, అతని కంచంలో కూర వేస్తూ.

అన్నయ్య ఆ మాట పట్టించుకోనట్టు తింటూ పోయాడు. తరువాత కూతుర్ని అడిగాడు.

"రేపు ఇంకో కొత్త రకం వస్తే దాని ముళ్ళు కూడా తగిలించి చూస్తారా?"

"చూస్తాం."

"అప్పుడు మళ్ళీ రక్తం కావాలా?"

"అడుగుతారేమో."

"అడిగితే నాలుగు రోజులు ముందు చెప్పు" అన్నాడు. "ఆర్డర్లు చూసుకుని రావాలి."